ఎడమ రెక్క పై రేకులు మూయబోతున్నాను, ఎండాకాలంలో కొట్టొచ్చా? రివెట్ పని తెలిసినవాళ్ళు చెప్పండి

రెక్కలపని_నల్గొండ

అందరికీ నమస్కారం. పానగల్ రోడ్డులో మా ఇంటి కింద కారు షెడ్డులో ఆర్‌వీ-7 కడుతున్నాను. రెండు సీట్ల అల్యూమినియం కిట్ విమానం. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని వ్యాన్స్ కంపెనీది. తోక అయిపోయింది, ఇప్పుడు ఎడమ రెక్క స్టాండు మీద ఉంది. మెయిన్ స్పార్, వెనక స్పార్ (రెక్క పొడవునా పోయే దూలాలు), మధ్యలో రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలు) రివెట్ అయ్యాయి. ముందంచు కూడా ఎక్కింది. పెట్రోలు ట్యాంకు ఇంకా ముట్టుకోలేదు. పై రేకులకు డ్రిల్లింగ్, బర్ (రంధ్రం అంచున మిగిలే గరుకు) తీయడం, డింపుల్ (రివెట్ తల కూర్చునే గుంట), లోపలివైపు ప్రైమర్ అన్నీ పూర్తయ్యాయి. ఇక మూయడమే.

చాలామంది "ఇంట్లో ఎలా పడుతుంది" అని అడుగుతున్నారు. ఈ విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 25 అడుగులు. రెండు ముక్కలుగా ఉంటాయి కాబట్టి ఒక్కో రెక్క దాదాపు 12 అడుగులే. ఒక కారు నిలిపే చోటు సరిపోతుంది.

నా టెన్షన్ వేరే. మార్చి ముగుస్తోంది. షెడ్డులో మధ్యాహ్నం నిలబడలేకపోతున్నాం. మన నల్గొండ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఈ వేడిలో రేకులు కొడితే తర్వాత చలికాలంలో ఉబ్బుతాయా, లాగుతాయా? వానలు పడేదాకా ఆగాలా? ఇంకో విషయం, రెక్కలో మెలిక లేదని మూసేముందు నమ్మకంగా ఎలా తేల్చుకోవాలి? ఒకసారి మూశాక సరిచేయడం కుదరదని అంటున్నారు.

పాలమూరు_ఫిజిక్స్

మంచి సమయంలో అడిగారు. మహబూబ్‌నగర్‌లో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. రిమోట్ విమానాలు కడతాను కానీ మనిషి కూర్చునేది కట్టలేదు, కాబట్టి లెక్క వరకే చెబుతాను.

వేడి వల్ల ఇబ్బంది లేదు. వేడిలో తేడా వల్లే ఇబ్బంది. మీ రేకూ రిబ్బూ స్పారూ అన్నీ అల్యూమినియమే. అన్నీ ఒకే వేడి మీద ఉంటే అన్నీ ఒకే రకంగా సాగుతాయి, ఒకే రకంగా ముడుచుకుంటాయి. 40 డిగ్రీల్లో కొట్టినా 20 డిగ్రీల్లో కొట్టినా రెక్కకు తెలియదు. ఎండలో పెట్టిన రేకు తెచ్చి నీడలో ఉన్న ఫ్రేము మీద కొడితే మాత్రం, చల్లారాక రేకు బిగుస్తుంది. చల్లటి రేకును వేడెక్కిన ఫ్రేము మీద కొడితే, తర్వాత ఫ్రేము ముడుచుకున్నప్పుడు రేకు వదులై, వేలితో నొక్కితే టప్పున లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. మీ షెడ్డుకు పడమటి షట్టర్ ఉంటే సాయంత్రం పని వద్దు. తెల్లవారుజామున అన్నీ ఒకే వేడిలో ఉంటాయి, అప్పుడు చేయండి. వానల దాకా ఆగనక్కర్లేదు.

అసలు చూడాల్సింది మీ స్టాండు. అది ఇనుముదా, కర్రదా? మీటరుకు ఒక్క డిగ్రీకి అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు సాగితే ఇనుము 12 మాత్రమే సాగుతుంది. 3.6 మీటర్ల స్పారు తెల్లవారి 25 డిగ్రీల నుంచి మధ్యాహ్నం 43కి పోతే ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. కింద ఇనుప స్టాండు 0.8 దగ్గరే ఆగుతుంది. రెండు చివర్లా గట్టిగా బోల్టు వేసి ఉంటే ఆ 0.7 మిల్లీమీటర్లు ఎక్కడికి పోతాయి? స్పారును నొక్కుతాయి, ఫ్రేము ఎటో ఒకవైపు ఒరుగుతుంది. ఆ పరిస్థితిలో రేకు కొడితే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. ఒక చివర బిగించండి, రెండో చివర జారేలా వదలండి.

రెక్కలపని_నల్గొండ

మాష్టారూ, ఇనుప స్టాండే. రెండు చివర్లా బోల్టులే ఉన్నాయి. ఈ రోజే ఒకవైపు బోల్టు తీసి, పొడుగు గాడి కోయిస్తాను. ధన్యవాదాలు.

ఆదిభట్ల_ఫిట్టర్

నమస్తే సార్. మాది దేవరకొండ. నల్గొండలో ఐటీఐ చేసి ఆదిభట్లలో రివెట్ పనిలో ఉన్నాను. సీ-130 విమానాల తోకలు, అపాచీ హెలికాప్టర్ బాడీలు అక్కడే తయారవుతాయని తెలిసే ఉంటుంది. మా జిల్లా పిల్లలు చాలామంది సాగర్ రోడ్డు మీద బస్సెక్కి రోజూ ఈ పనికే పోతారు.

మెలిక గురించి ముందు చెబుతాను. ఆర్‌వీ-7 రెక్క మొదలు నుంచి కొస దాకా ఒకే వెడల్పు, ఒకే కోణం. కాబట్టి చూడటం సులువు. వెనకంచు పైకి ఉండేలా రెక్క నిలబెట్టారు కదా? వెనక స్పారు రెండు చివర్లా ఒకే రకం రంధ్రం దగ్గర నుంచి, మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు ఉంటుందే, అది దారంతో వేలాడదీయండి. దారానికీ మెయిన్ స్పారు అంచుకూ మధ్య దూరం స్టీలు స్కేలుతో కొలవండి. మొదట్లో, కొసన ఒకటే రావాలి, నడిమధ్య కూడా చూడండి. ఫ్యాను ఆపండి. గుండును బకెట్ నీళ్ళలో ముంచితే ఊగడం ఆగుతుంది. రేకు క్లీకోలతో (రివెట్ కొట్టేదాకా రంధ్రాల్లో పెట్టే తాత్కాలిక పిన్నులు) బిగించాక మళ్ళీ కొలవండి. రేకు ఎక్కినప్పుడు ఫ్రేము కదులుతుంది, అందుకే రెండోసారి కొలవడమే ముఖ్యం.

ఇక రివెట్లు. పై రేకుకు మీవి ఏఎన్ 426 ఏడీ3, అంటే 3/32 అంగుళాలవి. కొట్టాక లోపల ఏర్పడే తల వెడల్పు కాడకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 3.6 వెడల్పు, 1.2 ఎత్తు. గేజి కొని దగ్గర పెట్టుకోండి, కంటి అంచనా పనికిరాదు.

ఒంటరిగా మాత్రం కొట్టకండి. పై రేకుకు ఇద్దరు కావాలి. బయట రివెట్ కొట్టే గన్ పట్టేవాడు, లోపల కాడకు ఆనించే బకింగ్ బార్ అనే లోహపు దిమ్మ పట్టేవాడు. అందరూ గన్ వాడిదే పెద్ద పని అనుకుంటారు. నా లెక్కలో బార్ పట్టేవాడి చేతిలోనే అంతా ఉంది. బార్ ఒక వెంట్రుక వాసి ఒరిగినా తల పక్కకు వాలుతుంది. గన్ చప్పుడులో మాట వినపడదు కాబట్టి మేము తట్టి చెప్పుకుంటాం. ఒకసారి తడితే ఇంకాస్త కొట్టు, రెండుసార్లు తడితే బాగుంది, మూడుసార్లు తడితే పాడైంది తీసెయ్ అని. వరుస మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులా బయటికి పోండి. చివరల నుంచి మధ్యకు వస్తే రేకులోని వదులు మధ్యలో చేరి ఉబ్బుతుంది.

మిల్లు_రేకులు_మిర్యాలగూడ

అన్నలకు నమస్తే. నాకు విమానాల గురించి తెలియదు. మిర్యాలగూడలో రైసు మిల్లులకు ఎలివేటర్లు, దుమ్ము లాగే సైక్లోన్లు, గొట్టాలు రేకుతో కట్టడం మా పని, మా నాన్న కాలం నుంచీ. ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. రెండు సందేహాలు. మేమైతే ఒకే వైపు నుంచి లాగే పాప్ రివెట్ వేస్తాం, ఒక్కడే చేసుకోవచ్చు. మీరు ఇంత కష్టం ఎందుకు పడుతున్నారు? రెండోది, ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కే చోట అంచు లేవకుండా ఏం చేస్తారు?

ఆదిభట్ల_ఫిట్టర్

అన్నా, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పాప్ రివెట్ లోపల బోలు. మధ్యలో మేకు తెగి రాలిపోతుంది, మిగిలేది పలచని గొట్టం. మిల్లు గొట్టానికి చాలు. రెక్కకు గాలి లాగే లాగుడు రోజూ వస్తూ పోతూ ఉంటుంది, రంధ్రంలో రివెట్ కొంచెం ఆడినా రంధ్రం పెద్దదవుతుంది. గన్‌తో కొట్టిన గట్టి రివెట్ కాడ ఉబ్బి రంధ్రం మొత్తం నిండుతుంది, ఇక ఆడే చోటే ఉండదు. విమానాలకని తయారుచేసిన లాగే రివెట్లు వేరే ఉన్నాయి. అదే కంపెనీ ఆర్‌వీ-12 దాదాపు అంతా వాటితోనే కడతారు. కానీ అది మొదటి నుంచీ ఆ రివెట్ల లెక్కతోనే గీసిన డిజైను. ఆర్‌వీ-7లో డ్రాయింగ్ చెప్పని చోట మార్చకూడదు.

అంచు సంగతి మీరే చెప్పండి. నాకు ఒక పద్ధతి తెలుసు, మీది వినాలని ఉంది.

మిల్లు_రేకులు_మిర్యాలగూడ

మేము పై రేకు అంచుకు, చివరి పావు అంగుళం మేర, కంటికి కనపడీ కనపడనట్టు కిందికి చిన్న వంపు ఇస్తాం. రెండు చిన్న రోలర్ల మధ్య అంచు పెట్టి లాగడమే. రివెట్ బిగిశాక ఆ వంపు చదునై అంచు కింది రేకును కరుచుకుంటుంది. వంపు ఇవ్వకపోతే రివెట్‌కూ రివెట్‌కూ మధ్య అంచు అలలాగా లేస్తుంది, గాలీ దుమ్మూ దూరుతాయి. ఎక్కువ వంచితే మడత గీత కనపడుతుంది, అది తప్పు. ముందు తుక్కు ముక్క మీద చూసుకుని చేయాలి.

ఆదిభట్ల_ఫిట్టర్

సరిగ్గా అదే అన్నా. విమానం రేకులకూ ఇదే చేస్తారు. సార్, మీ పై రేకులు రెండు కలిసే చోట, ముందంచు రేకు కలిసే చోట చూసుకోండి. డింపుల్ కొట్టక ముందు చేస్తే సులువుగా ఉండేది. ఇప్పుడైనా పరవాలేదు, రోలర్ డింపుళ్ళ దాకా రాకుండా అంచు మీదే నడవాలి.

మిల్లు_రేకులు_మిర్యాలగూడ

నల్గొండ మాకు దగ్గరే. రోలర్ నేను తీసుకొస్తాను సార్. అల్యూమినియం రేకు మీద విమానం పని చూడటం నాకూ కావాలి.

జడ్చర్ల_ఏఎంఈ

అన్నయ్యా, మీ రోలర్ ముందు శుభ్రంగా కడిగి తెండి, దయచేసి. ఇనుము అరగదీసిన పొడి ఒక్క రేణువు అల్యూమినియంలో దిగినా, తేమ తగిలితే ఆ చుట్టూ తినేస్తుంది. షెడ్డులో గ్రైండర్, వెల్డింగ్ ఉంటే రెక్కను కప్పాలి. స్టాండుకు గాడి కోయిస్తానన్నారు కదా, ఆ కోత షెడ్డు బయట చేయించండి. రేకు మీద పెన్సిల్‌తో గీతలు కూడా వద్దు. అందులోని గ్రాఫైట్ అదే పని చేస్తుంది, మార్కర్ వాడండి.

నేను శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. రోజూ నేను చూసేది ఎవరో మూసేసిన చోట్లను మళ్ళీ తెరవడం. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పై రేకులు కొట్టండి, కింది రేకులు మాత్రం తెరిచే ఉంచండి. వైర్లు పోయే గొట్టం, వేగం కొలిచే పిటోట్ పైపు, ఐలెరాన్‌ను (రెక్క వెనక కదిలే పలక) తిప్పే బెల్‌క్రాంక్ బ్రాకెట్, రెక్కను నేలకు కట్టే కొక్కెం, నట్‌ప్లేట్లు (లోపల అతికి ఉండే నట్లు), ఇవన్నీ కిందినుంచి చెయ్యి దూర్చి చూడగలిగే చివరి అవకాశం అదే. ఈ రెక్క కట్టని మనిషి ఎవరైనా చూడాలి. ఎందుకంటే మన పని మనకు కళ్ళ ముందే ఉన్నా కనపడదు. ప్రతి రిబ్బు అర ఫోటో తీసి తేదీతో దాచండి. చివరగా రెక్కను స్టాండు మీద నెమ్మదిగా తిప్పి చెవి పెట్టి వినండి. ఒక తెగిన రివెట్ ముక్క గలగలమన్నా వెతికి తీయాలి. అది ఎగిరేటప్పుడు కంట్రోల్ రాడ్డులో ఇరుక్కునే వస్తువు.

బోల్టుల బిగింపు ఇంకో విషయం. ఏఎన్3 బోల్టుకు 20 నుంచి 25 అంగుళ-పౌండ్లు, అంటే రెండున్నర న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. బైకు మెకానిక్ వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇంత తక్కువ దగ్గర నిజం చెప్పదు. చిన్నది కొనండి. బిగించాక నట్టు మీదా పక్కన లోహం మీదా ఒకే గీతగా టార్క్ సీల్ పెయింట్ వేస్తే, తర్వాత కదిలిందో లేదో చూపుతోనే తెలుస్తుంది.

రెక్కలపని_నల్గొండ

మేడమ్, ఇది చాలా పెద్ద సాయం. ఒక సందేహం. కొంచెం వాలిన రివెట్ కనపడితే తీసేయాలా, వదలాలా? నాకు ప్రతిదీ తీసి మళ్ళీ కొట్టాలనిపిస్తుంది.

జడ్చర్ల_ఏఎంఈ

తీయడమే ఎక్కువ నష్టం చేసే చోట్లు ఉంటాయి. తల సరిపడా వెడల్పుగా ఉండి, రేకుకు ఆనుకుని, పగులు లేకపోతే, కాస్త వాలినా వదిలేయండి. డ్రిల్లుతో తీసేటప్పుడు బిట్టు జారితే రంధ్రం ఎనిమిది అంకెలా సాగుతుంది, అప్పుడు పక్క రివెట్లకు కూడా బలం పోతుంది. తీయాల్సిందే అయితే పైతల మధ్య గుంట మీద, తల లోతు వరకే డ్రిల్ చేసి, పిన్ను పంచ్‌తో తలను విరిచి, కాడను వెనక్కి నెట్టాలి. కాడ మొత్తం డ్రిల్ చేయొద్దు. రంధ్రం పెద్దదైతే ఎన్ఏఎస్ 1097 రకం రివెట్లు ఉంటాయి. కాడ ఒక సైజు పెద్దది, తల చిన్నది కాబట్టి అదే డింపుల్‌లో కూర్చుంటుంది. కొన్ని తెప్పించి ఉంచుకోండి.

వనపర్తి_బట్టరెక్క

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను వనపర్తిలో కర్ర రిబ్బులు, పాలిస్టర్ బట్టతో చిన్న రెక్క కడుతున్నాను. మెటల్ పనికి గన్, కంప్రెసర్, చప్పుడు. మా పనికి ఇస్త్రీ పెట్టె, సూది, దారం. బట్టను జిగురుతో అంటించి మొదట 120 డిగ్రీల దగ్గర, చివరికి 175 దగ్గర ఇస్త్రీ చేస్తే డప్పులా బిగుస్తుంది. పెట్టె మీద అంకెలు నమ్మకుండా థర్మామీటరుతో చూసుకోవాలి. ఆ తర్వాత ప్రతి రిబ్బుకూ బట్టను దారంతో కుట్టాలి. ఈ కుట్టు ముడులు నాకు ఎంతకూ బిగుతుగా రాలేదు. పోచంపల్లిలో మగ్గం నేసే ఒక అక్కకు చూపిస్తే, దారాన్ని ఎలా పట్టి లాగితే ముడి జారదో చూడగానే పట్టేసింది. నల్గొండ సార్, మీకు చేతి పని మనుషులు చుట్టూ ఉన్నారు, మన ప్రాంతానికి అదే బలం. విమానం పని అనగానే బెంగళూరు వైపు చూడాల్సిన పని లేదు.

సాగర్_రన్‌వే

హాలియా నుంచి రాస్తున్నాను. కృష్ణ అవతల విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచే శిక్షణ విమానాలను చూస్తూ పెరిగాం. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలి, నేర్చుకుంటున్న అమ్మాయి చనిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో విమానం మాట ఎత్తితే భయపడతారు. కాబట్టి సార్, ఎగరడానికి ఇంకా చాలా కాలం ఉన్నా అనుమతుల సంగతి ఇప్పుడే చూస్తున్నారా?

జడ్చర్ల_ఏఎంఈ

మంచి ప్రశ్న. అమెరికాలో సగానికి పైగా పని కట్టేవాడే చేస్తే ఎక్స్‌పెరిమెంటల్ కింద లైసెన్స్ ఇస్తారు, ఈ కిట్లన్నీ ఆ నిబంధన చూసుకునే తయారవుతాయి. అది ఇక్కడ దానంతట అదే వర్తించదు. ఇక్కడ రిజిస్ట్రేషన్, పర్మిట్ టు ఫ్లై (ఎగిరే అనుమతి) కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇవ్వాలి. 1934 విమాన చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం అమల్లో ఉంది, కాబట్టి పాత కాగితాలు చూసి ధైర్యపడొద్దు. ముంబైలో ఇంటి మిద్దె మీద విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ సంగతి అందరికీ తెలుసు. 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో అందరూ చూశారు. రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో, పర్మిట్ 2019 అక్టోబరులో వచ్చాయి. అంటే కట్టడం అయ్యాక మొదలుపెట్టే పని కాదు ఇది. రాతపూర్వకంగా ఇప్పుడే అడగండి, ప్రతి దశా ఎవరికైనా చూపించగలిగేలా రికార్డు రాయండి.

రెక్కలపని_నల్గొండ

ఉత్తరాలు నడుస్తున్నాయి మేడమ్, ప్రతి దశకూ ఫోటోలతో లాగ్‌బుక్ ఉంది. హాలియా తమ్ముడూ, ఆ వార్త మమ్మల్నీ కదిలించింది. పర్మిట్ లేకుండా ఇది గేటు దాటదు.

పై రేకులు అయ్యాక ట్యాంకు మొదలుపెట్టాలనుకుంటున్నాను. సీలెంట్ డబ్బా వచ్చి ఫ్రిజ్‌లో ఉంది.

పాలమూరు_ఫిజిక్స్

ట్యాంకు మాత్రం ఇప్పుడు వద్దు. ఇక్కడ వేడి నిజంగానే శత్రువు. మీ దగ్గర ఉన్నది బీ-2 రకం పాలీసల్ఫైడ్ సీలెంట్ అయితే, కలిపాక 25 డిగ్రీల్లో రెండు గంటలు పని చేసుకోవచ్చు. వేడి ప్రతి అయిదున్నర డిగ్రీలకూ ఆ సమయం సగమవుతుంది. 36 డిగ్రీల్లో అరగంట. 41 దాటితే పావుగంట. ఒక రిబ్బు పూసేలోపే గట్టిపడుతుంది. డిసెంబరు, జనవరి దాకా ఆగండి.

అప్పుడైనా పరీక్షకు కంప్రెసర్ గాలి పెట్టకండి, ట్యాంకు చీలుతుంది. సన్నని పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి యూ ఆకారంలో కట్టి, రెండు వైపుల నీళ్ళ మట్టం తేడా 70 సెంటీమీటర్లు వచ్చేదాకా సైకిలు పంపుతో నెమ్మదిగా పెట్టండి. అది దాదాపు ఒక పీఎస్ఐ. ఇక్కడొక మోసం ఉంది. మూసిన ట్యాంకులో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే నీళ్ళ మట్టం 30 సెంటీమీటర్లకు పైగా మారుతుంది. ఉదయం బిగించి మధ్యాహ్నం చూస్తే లీకు ఉన్నా లేనట్టే కనపడుతుంది. సాయంత్రం బిగించి తెల్లారి చూస్తే లేని లీకు ఉన్నట్టు కనపడుతుంది. సబ్బు నురగ పూసి ప్రతి రివెట్ తల చూడటమే నమ్మదగిన పద్ధతి.

సాగర్_రన్‌వే

ట్యాంకు అయ్యాక దాని గాలి గొట్టం, పిటోట్ గొట్టం రెండింటి నోళ్ళకూ టేపు వేసి ఉంచండి సార్. మన దగ్గర కుమ్మరి పురుగు ఒక్క మధ్యాహ్నంలో మట్టితో మూసేస్తుంది. రెక్క మొదలు దగ్గర పెద్ద రంధ్రాలకు జాలీ కట్టండి, ఎలుకలు లోపల గూడు పెడితే వాటి మూత్రానికి అల్యూమినియం పాడవుతుంది.

రెక్కలపని_నల్గొండ

సరే, ట్యాంకు చలికాలానికే. డబ్బా మీద గడువు చూసి, అప్పటికి కొత్తది తెప్పిస్తాను. పై రేకులు ఇంటర్ పరీక్షలు అయ్యాక వచ్చే ఆదివారం తెల్లవారుజామున మొదలుపెడదాం. పక్కింట్లో పరీక్ష రాసే అమ్మాయి ఉంది, గన్ చప్పుడు అప్పటిదాకా పెట్టలేను. ఫిట్టర్ తమ్ముడూ, మీరు రాగలరా? బార్ మీరు పట్టండి, గన్ నేను పడతాను.

ఆదిభట్ల_ఫిట్టర్

వస్తాను సార్. మొదటి గంట తుక్కు ముక్కల మీదే కొడదాం, మీ చేయీ నా చేయీ కుదరాలి. మిర్యాలగూడ అన్న శనివారమే వస్తే అంచులకు రోలర్ పని అయిపోతుంది. ఆ రాత్రికే రేకులు క్లీకోలతో బిగించి వదిలేయండి, తెల్లారేసరికి రేకూ ఫ్రేమూ ఒకే చల్లదనంలో ఉంటాయి. గుండు దారం కొలత మాత్రం నేను వచ్చాకే చేద్దాం, స్కేలు ఇద్దరం చూడాలి. చెవులకు మఫ్‌లు మీకూ, షెడ్డులో నిలబడే వాళ్ళందరికీ తెచ్చిపెట్టండి.